గడియారం ముళ్ల లెక్కలు: మేనకోడలికి ఉత్తరం

చిరంజీవి లావణ్యకు, మామయ్య ఆశీస్సులు.

రైల్వే పరీక్షకు చదువుతూ, రీజనింగులో గడియారం లెక్క రాగానే వదిలేసి ముందుకు పోతున్నావట, అమ్మ చెప్పింది. వదలొద్దమ్మా. ఇంత తక్కువ సరుకుతో ఇన్ని ప్రశ్నలకు జవాబిచ్చే పాఠం ఇంకోటి నాకు తెలీదు.

సూత్రం బట్టీ పట్టకముందే ఒక్క సంగతి మనసుకెక్కాలి: చిన్న ముల్లు ఒకచోట ఆగి ఉండదు. మూడుంపావుకు ముళ్ల మధ్య కోణమెంత అంటే చాలామంది సున్నా అనేస్తారు. పెద్ద ముల్లు 3 మీదే ఉంది, నిజమే. కానీ ఆ పావుగంటలో చిన్నది 3 దాటి 7.5 డిగ్రీలు జరిగిపోయింది. అదే జవాబు.

పెద్ద ముల్లు నిమిషానికి 6 డిగ్రీలు నడుస్తుంది, చిన్నది అర డిగ్రీ. తేడా 5.5. ఒకే దిశలో పోయే రెండు రైళ్ల వేగాల్లో తేడా తీస్తావే, ఇదీ అంతే. 7:20 తీసుకో. 7 గంటలకు పెద్ద ముల్లు నుంచి చిన్నది 210 డిగ్రీలు ముందుంది. 20 నిమిషాల్లో 110 తగ్గింది, మిగిలింది 100. అదే 10:10 అయితే 300లోంచి 55 పోగా 245. 180 దాటింది కాబట్టి 360లోంచి తీసెయ్, 115 వస్తుంది. రిఫ్లెక్స్ కోణం, అంటే 180 దాటిన పెద్ద కోణం అడిగితే మాత్రం 245నే ఉంచు. అందుకే ప్రశ్నను చివరి మాట దాకా చదవాలి.

4కూ 5కూ మధ్య ముళ్లు ఎప్పుడు కలుస్తాయి అని తిరగేసి అడిగినా దారి అదే. అందుకోవాల్సిన దూరం 120. దాన్ని 5.5తో భాగిస్తే 240/11, అంటే 4 గంటల 21 9/11 నిమిషాలు. హారంలో 11 కనబడితే కంగారు పడకు. 5.5 అంటే 11/2 కదా, అందుకే వస్తుంది.

ఎన్నిసార్లు అని అడిగేవాటి దగ్గర నిదానించు. ముళ్లు 65 5/11 నిమిషాలకోసారి కలుస్తాయి కనుక 12 గంటల్లో 11 సార్లే, రోజుకు 22. ఎదురెదురుగా నిలవడమూ 22 సార్లే. లంబకోణం గంటకు రెండు చొప్పున 48 అనిపిస్తుంది గానీ, 44 మాత్రమే. 2 నుంచి 4 లోపు చూడు: 2:27 3/11, సరిగ్గా 3 గంటలు, 3:32 8/11. మూడే. 3 గంటలప్పటిది రెండు గంటల లెక్కలోకీ వస్తుంది, దాన్ని రెండుసార్లు లెక్కపెట్టకూడదు. 9 దగ్గరా అంతే. ఇది ఒకసారి నీ చేత్తో నువ్వే వేసి చూసుకో, చెబితే నిలవదు.

అద్దంలో గడియారం అడిగితే 11:60లోంచి తీసెయ్. 4:25 కాస్తా 7:35 అవుతుంది.

నువ్వు రాసే రైల్వే ఎన్‌టీపీసీ పరీక్ష మొదటి దశలో 90 నిమిషాలకు 100 ప్రశ్నలు, తప్పుకు మూడోవంతు మార్కు పోతుంది. కాబట్టి ఊహించి పెట్టొద్దు. గోడ గడియారం చూసినప్పుడల్లా కోణం మనసులోనే కట్టు, చెయ్యి దానంతటదే తిరుగుతుంది.

ఆదివారం వస్తున్నాను. 8 నుంచి 9 లోపు ముళ్లు ఎప్పుడెప్పుడు లంబకోణంలో ఉంటాయో కట్టి ఉంచు, 9ని కూడా కలుపుకొని.

ఇట్లు,
మీ మామయ్య