దారం తెగడం తగ్గింది కదా!

ప్రశ్న: మాది శ్రీకాకుళం. వయసు 43. ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెప్పేవాణ్ని. రెండేళ్ల క్రితం చిలకపాలెం దగ్గర హైవే మీద బండి మీంచి పడ్డాను. తలకు దెబ్బ తగిలితే విశాఖలో ఆపరేషన్ చేశారు. పాత సంగతులు చాలావరకు గుర్తున్నాయి, లెక్కలూ వస్తాయి. కానీ పొద్దున జరిగింది సాయంత్రానికి ఉండదు. పేజీ తిప్పేసరికి ముందు పేజీలో ఏముందో పోతుంది. ఎంతో ఇష్టమైన డిటెక్టివ్ నవలలు అందుకే మానేశాను. ఉద్యోగం పోయింది, పొద్దు గడవదు. వీణ నేర్చుకుందామని బొబ్బిలి పక్కన గొల్లపల్లి వెళ్లి వీణ కూడా కొన్నాం. క్లాసులో నలుగురి ముందు "నిన్నటి పాఠం వాయించండి" అనేసరికి చెమటలు పట్టి, మళ్లీ వెళ్లలేదు. ఇంట్లోవాళ్లు "ఉన్నదే గుర్తుండట్లేదు, మళ్లీ కొత్తదేటి?" అంటున్నారు. మర్నాటికి పోయేదాన్ని నేర్చుకోవడం వృథాయేనా? ఒక్కోసారి నేనుండి ఎవరికి లాభం అనిపిస్తుంది.

(ఆయన చెబుతుంటే రాసింది నేను, ఆయన భార్యని. ఒక మాట నాది కూడా. నా పుట్టిల్లు పొందూరు. రెండు నెలలుగా అక్కడే ఉంటున్నాం. పొద్దున్నే అమ్మ రాట్నం దగ్గర ఈయన కూర్చుంటున్నారు. రోజూ "ఇదెలా తిప్పాలి?" అని కొత్తగానే అడుగుతారు. కానీ దారం తెగడం తగ్గింది.)

జవాబు: మాస్టారూ, మీ ఉత్తరంలో అన్నిటికంటే పెద్ద కబురు మీరు చెప్పింది కాదు, మీ ఆవిడ చివర్లో చేర్చింది. రోజూ కొత్తగా అడుగుతున్నారట, కానీ దారం తెగడం తగ్గిందట. ఆ రెండు ముక్కల్లో మీ ప్రశ్నకు జవాబుంది. మీరిది మళ్లీ మళ్లీ చదవాల్సి వస్తుందని తెలుసు కాబట్టి అసలు మాట ముందే చెప్పేస్తాను. మీరు నేర్చుకోగలరు. ఇప్పుడు నేర్చుకుంటున్నారు కూడా.

అదెలా అంటారా? మనం జ్ఞాపకం అని ఒక్క పేరుతో పిలుస్తాం గానీ, మెదడులో అది ఒకచోట ఉండే సరుకు కాదు. నిన్న ఎవరొచ్చారు, పొద్దున ఏం తిన్నాం లాంటి సంగతులు దాచుకోవడానికి హిప్పోకాంపస్ అనే భాగం కావాలి. సైకిల్ తొక్కడం, ముగ్గు వేయడం, దారం తీయడం లాంటి చేతి పనులు వేరే దారిలో, మెదడు లోపలి ఇతర భాగాల సాయంతో స్థిరపడతాయి. ఒక దారి మూసుకుపోయినా రెండోది తెరిచే ఉండొచ్చు.

ఇది తేలడానికి కారణమైన మనిషి కథ మీరు వినాలి. 1953లో అమెరికాలో హెన్రీ మొలైసన్ అనే 27 ఏళ్ల యువకుడికి మూర్ఛలు తగ్గించడం కోసం రెండు పక్కలా హిప్పోకాంపస్‌ని చాలా మేరకు తీసేశారు. ఆ తర్వాత 2008లో చనిపోయేదాకా ఆయనకు కొత్త సంగతి ఏదీ సరిగా నిలవలేదు. బ్రెండా మిల్నర్ అనే శాస్త్రవేత్త ఆయనకు ఒక పని ఇచ్చారు. కాగితం మీద ఉన్న నక్షత్రం బొమ్మని, చేతిని అద్దంలో మాత్రమే చూసుకుంటూ గీయాలి. ఎవరికైనా మొదట చెయ్యి అడ్డదిడ్డంగా పోతుంది. ఆయనకీ అలాగే పోయింది. మూడు రోజులు చేయించేసరికి గీత చక్కగా కుదిరింది. ముందు రోజు ఆ పని చేసినట్టు మాత్రం ఆయనకు గుర్తే లేదు. మీరు రాట్నం ముందు కూర్చుని "ఇదెలా?" అని అడగడం సరిగ్గా ఇలాంటిదే. అడిగేది మీరు, అప్పటికే తెలిసినది మీ చేతికి. మీ స్కాన్లు నేను చూడలేదు, మీ దెబ్బ ఆయనకు జరిగినదాని లాంటిదీ కాదు. కానీ చేతికి పని పట్టుబడుతోందనడానికి మీ ఇంట్లోనే సాక్ష్యం ఉంది.

వీణ దగ్గర జరిగింది మీ తప్పు కాదు. నేర్పే ఆయన చెడ్డవారనీ అనుకోను, ఆయనకు మీ సంగతి ఎవరూ చెప్పి ఉండరు. మీలాంటివాళ్లకు నేర్పే పద్ధతి వేరు. మామూలుగా మనం "తప్పుల్లోంచే నేర్చుకుంటాం" అంటాం. ఎందుకంటే తప్పు చేసినప్పుడు, అది తప్పని గుర్తుంటుంది. మీకు ఆ గుర్తు మిగలదు. తప్పుగా కదిలిన వేలి కదలిక మాత్రం మిగిలిపోయి, రేపు అదే ముందుకొస్తుంది. 1994లో ఇంగ్లండ్‌లో అలన్ బాడ్లీ, బార్బరా విల్సన్ జ్ఞాపకశక్తి దెబ్బతిన్నవాళ్లకు మాటలు నేర్పి చూసి ఇదే చూపించారు. ఊహించి చెప్పించడం కంటే, మొదటినుంచీ తప్పు జరగకుండా సరైనదే చేయిస్తే వాళ్లకు బాగా నిలుస్తుంది.

పొందూరులో మీ అత్తగారు ఈ చదువులేవీ చదవకుండానే అదే చేస్తున్నారనుకుంటా. ఏకు (వడకడానికి చుట్టిన దూది) ఎడమ చేతిలో పెట్టి, మీ చేతి మీద చెయ్యి వేసి, కదురు (దారం చుట్టుకునే ఊచ) తిరుగుతుంటే ఎంత మెల్లగా వెనక్కి లాగాలో లాగి చూపిస్తారు కదా? "నిన్న చెప్పాను కదా" అనకుండా చూపిస్తే చాలు, అంతకంటే మంచి గురువు దొరకరు. సన్న నూలుకి పేరుపడ్డ ఊరు అది. దూదిలో నలుసు పోవడానికి వాలుగ చేప దవడతో దువ్వే ఓపిక ఉన్న చేతుల దగ్గర మీరు నేర్చుకుంటున్నారు.

నాకు రాట్నం నచ్చడానికి ఇంకో కారణం ఉంది. చేసిన పని మీ కళ్ల ముందే ఉంటుంది. నవలలో ఎంతవరకు వచ్చారో మీకు గుర్తుండాలి, రాట్నం దగ్గర కదురు చూస్తే చాలు. కొత్త వ్యాపకం ఏది ఎంచుకున్నా ఈ ఒక్కటీ చూసుకోండి. చుక్కల ముగ్గు, అల్లిక, రంగులు నింపడం ఇలాంటివే. మొక్కల పెంపకం కూడా మంచిదే గానీ అందులో ఒక చిక్కుంది. తలకు దెబ్బ తగిలిన ఒకాయన కుండీల్లో మల్లె మొక్కలు పెంచారు. పోసిన సంగతి మర్చిపోయి రోజుకి నాలుగైదు సార్లు నీళ్లు పోసేవారు. వేళ్లు కుళ్లి రెండు మొక్కలు పోయాయి, ఆయన కుమిలిపోయారు. వాళ్లమ్మాయి గోడకి రెండు మేకులు కొట్టింది. నీళ్లు పోయకముందు డబ్బా ఎడమ మేకుకి, పోశాక కుడి మేకుకి. రాత్రి పడుకునేముందు ఆ పిల్లే దాన్ని మళ్లీ ఎడమవైపుకి మార్చేది. తర్వాత కుండీలు బాగానే ఉన్నాయి. మీ ఇంట్లో కూడా బుర్ర మీద వేసే బరువుని ఇలా గోడ మీదకో వస్తువు మీదకో దించండి.

వీణ అమ్మేయకండి. బొబ్బిలి వీణ అంటే ఒకే పనస దుంగని తొలిచి చేసేది, గుడ్డ కప్పి మూలన పెడితే ఉంటుంది, తొందరేం లేదు. ముందు రాట్నం రోజులో భాగం కానివ్వండి. తర్వాత ఇంటికి వచ్చి ఒక్కరికే నేర్పేవాళ్లని చూసుకోండి. ముందే చెప్పండి: "నాకు నిన్నటి పాఠం గుర్తుండదు. అడగకండి, మీరు వాయించండి, నేను మీతో కలిపి వాయిస్తాను." రోజూ అదే సరళీ వరుస (సంగీతంలో మొదటి పాఠం), అదే వేగం, ఇరవై నిమిషాలు, పొద్దుటి పూట. తలకు దెబ్బ తగిలినవాళ్లు త్వరగా అలిసిపోతారు, అలిసిన బుర్రకి ఉన్నదీ అందదు. అందుకే సాయంత్రం క్లాసులు, పదిమంది గోల మీకు పనికిరావు. నవలల సంగతి ప్రస్తుతానికి వదిలేయండి, పత్రికల్లో వచ్చే ఒక పేజీ కథలు చదువుకోండి.

ఒక నోటుబుక్కు పెట్టుకోండి. పెన్ను దానికే దారంతో కట్టి, రెండూ రాట్నం పక్కనే ఉంచండి. లేచేముందు తేదీ వేసి మీ చేత్తో రెండు లైన్లు రాయండి: ఎంతసేపు కూర్చున్నారు, ఎన్నిసార్లు తెగింది. లెక్కల మాస్టారు కదా, నెల తిరిగాక ఆ అంకెలతో గ్రాఫు గీయండి. "నాకిది రాదు" అనిపించిన రోజున నేను చెప్పినా నమ్మకపోవచ్చు, మీ దస్తూరీని మాత్రం నమ్ముతారు.

ఇక అమ్మా, కొన్ని మాటలు మీకు. "నిన్న మనింటికి ఎవరొచ్చారో చెప్పు చూద్దాం" అంటూ బంధువులు ప్రేమగానే పరీక్షలు పెడుతుంటారు. అలా అడిగితే జ్ఞాపకం పదునెక్కదు. ఆయన ఏదో ఊహించి చెబుతారు, అదే నిలిచిపోతుంది, పైగా అందరి ముందు తల దించుకోవాలి. "నిన్న మావయ్య వచ్చాడు, తాండ్ర తెచ్చాడు" అని వాళ్లనే చెప్పేయమనండి. జరగనిది జరిగినట్టు ఆయన చెప్పినా అబద్ధమని పట్టుకోకండి. ఖాళీని మెదడు దానంతటదే పూరిస్తుంది, అందులో మోసం లేదు.

మరొకటి, కష్టమైనదే అయినా దాచను. రాట్నం తిప్పినంత మాత్రాన పోయిన జ్ఞాపకశక్తి తిరిగొస్తుందని ఆశ పెట్టుకోకండి. దెబ్బ తర్వాత మొదటి నెలల్లో ఉన్నంత వేగంగా ఇప్పుడు కోలుకోవడం ఉండదు. జ్ఞాపకశక్తి పెంచుతామనే పొడులకీ, లేహ్యాలకీ డబ్బు తగలేయకండి. ఇవ్వాలనుకుంటే డాక్టర్ని అడిగే ఇవ్వండి. ఫిట్స్ మాత్రలు వాడుతుంటే వాటిని సొంతంగా ఆపకూడదు. నాగావళిలో గానీ కళింగపట్నం తీరంలో గానీ ఆయన్ని ఒంటరిగా నీళ్లలోకి దిగనివ్వకండి. మద్యం ముట్టకూడదు. మతిమరుపు ఉన్నట్టుండి పెరిగినా, కొత్తగా తలనొప్పి, వాంతులు, మత్తు, నడకలో తూలు కనిపించినా ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లండి.

మాస్టారూ, "నేనుండి ఎవరికి లాభం" అన్న మాట నేను దాటేసి పోలేను. తలకు దెబ్బ తగిలాక దిగులు పట్టుకోవడం చాలామందిలో ఉంటుంది, దానికి వైద్యం ఉంది. ఈ వారంలోనే మానసిక వైద్యుల్ని కలవండి. వెళ్లేలోపు ఆ ఆలోచన బరువెక్కితే 14416కి ఫోన్ చేయండి. అది ప్రభుత్వం నడిపే టెలి మానస్, డబ్బులు తీసుకోరు, పగలూ రాత్రీ పలుకుతారు, తెలుగులో మాట్లాడొచ్చు. అమ్మా, ఆ నంబరు ఆయన నోటుబుక్కు అట్ట లోపల పెద్ద అక్షరాలతో రాసిపెట్టండి. మీకు టెన్షన్ తట్టుకోలేనప్పుడు కూడా అదే నంబరు.

శ్రీకాకుళం ఎప్పుడు తిరిగొచ్చినా అత్తగారిని అడిగి ఒక రాట్నం, కొన్ని ఏకులు వెంట తెచ్చుకోండి. పొందూరులో ఏ వేళకు కూర్చుంటున్నారో ఆ వేళకే, కిటికీ ఏ పక్కన ఉండేదో ఆ పక్కనే ఉండేట్టు వేసుకోండి. చోటు మారితే మొదట్లో దారం మళ్లీ తెగుతుంది. కంగారు పడకుండా ఆ లెక్క కూడా పుస్తకంలో రాయండి. మొదటి చిలప (నూలు చుట్ట) నిండాక నాకొక ఉత్తరం రాయండి, ఈసారి మీ చేత్తోనే.