జర్మన్ రాజవంశాల గురించి రాస్తున్న నీకు

చిరంజీవికి ఆశీస్సులు.

నీ వ్యాసం చిత్తుప్రతి చదివాను. శ్రద్ధగా రాశావు. కానీ మొదటి పేజీలోనే ముగ్గురిని 'యువరాజు' అన్నావు. ముగ్గురివీ వేర్వేరు హోదాలు. ఫ్యూర్స్ట్ అంటే సొంత సంస్థానాన్ని ఏలే ప్రభువు. ప్రింట్స్ ఆ ఇంట్లో పుట్టినవాడు, గద్దె అతనికి రావచ్చు, రాకపోవచ్చు. రాజు గారి వారసుడు క్రోన్‌ప్రింట్స్. డ్యూక్ వారసుడైతే ఎర్బ్‌ప్రింట్స్. 'యువరాజు' అన్న మాట వారసులకే ఉంచు.

కుర్‌ఫ్యూర్స్ట్‌ని 'ఎలెక్టర్' అని వదిలేస్తే మనవాళ్లకి ఓటరు గుర్తొస్తాడు. 'చక్రవర్తిని ఎన్నుకునే ప్రభువు' అని ఒకసారి విడమరిచి చెప్పు. 1356 నాటి గోల్డెన్ బుల్ శాసనం ఆ హక్కును ఏడుగురికే ఖాయం చేసింది. ఆ పదవిని ముక్కలు చేయడానికి వీల్లేదు. మామూలు భూములూ డ్యూక్ బిరుదూ మాత్రం చాలా వంశాల్లో కొడుకులందరికీ వచ్చేవి. చిక్కంతా అక్కడే.

సాక్సనీని ఏలిన వెట్టిన్ వంశం చూడు. 1485లో ఎర్న్‌స్ట్, ఆల్బ్రెక్ట్ అన్నదమ్ములు లైప్‌జిగ్ ఒప్పందంతో వేరుపడ్డారు. అన్నకి విట్టెన్‌బర్గ్, ఎన్నిక హక్కు. తమ్ముడికి డ్రెస్డెన్ వైపు భూములు. ఇద్దరి సంతానమూ 'సాక్సనీ డ్యూక్' అనే రాసుకున్నారు. 1547లో మ్యూల్‌బెర్గ్ యుద్ధంలో అన్న శాఖవాడైన యోహాన్ ఫ్రీడ్రిక్ ఐదవ చార్లెస్ చక్రవర్తికి పట్టుబడ్డాడు. ఎన్నిక హక్కు తమ్ముడి శాఖలోని మోరిట్స్‌కి పోయింది. నువ్వేమో మత సంస్కర్త లూథర్‌ని కాపాడిన అన్న శాఖ ఫ్రీడ్రిక్ నుంచి తమ్ముడి శాఖ ఆగస్టస్ ది స్ట్రాంగ్ దాకా ఒకే నిలువు గీత గీశావు. వాళ్లు దాయాది శాఖల వాళ్లు. రక్తసంబంధానికి నిండు గీత, పదవి చేతులు మారినచోట చుక్కల గీత పెట్టు.

అన్న శాఖ ఆ తర్వాత కూడా ముక్కలవుతూనే వచ్చింది. వాళ్ల బిరుదుల్లోని ఊళ్ల పేర్లను పంపకాల కాగితంలా చదవాలి. విక్టోరియా రాణి భర్త ఆల్బర్ట్ 1819లో పుట్టినప్పుడు సాక్స్-కోబర్గ్-సాల్‌ఫెల్డ్ వాడు. గోథా శాఖ 1825లో అంతరించింది. మరుసటేడు పంపకాల్లో సాల్‌ఫెల్డ్ మైనింగెన్ శాఖకి పోయి, గోథా ఆల్బర్ట్ వాళ్లకొచ్చింది; బిరుదు సాక్స్-కోబర్గ్-గోథా అయింది. కాబట్టి పక్కన సంవత్సరం లేకుండా ఏ బిరుదూ రాయకు.

రాయిస్ అనే మరో రాజవంశంలో మగపిల్లలందరూ హైన్‌రిక్‌లే. అంకె వేసేది పుట్టిన వరసను బట్టి, గద్దెక్కిన వరసను బట్టి కాదు. వాళ్ల గ్రైట్స్ సంస్థానంలో 22వ హైన్‌రిక్ 1902లో పోతే వచ్చినవాడు అతని కొడుకు, 24వ హైన్‌రిక్. మధ్యలో ఒక పాలకుడు తప్పిపోయాడని అనుకోకు.

పదిహేడో శతాబ్దంలో ప్రొటెస్టెంట్ సంస్థానాల క్యాలెండర్ కేథలిక్కుల కంటే పది రోజులు వెనక. ఒకే పెళ్లికి రెండు తేదీలు కనిపిస్తే రెండూ సరైనవే కావచ్చు. ఏ లెక్కో రాయి.

1919 రాజ్యాంగంతో బిరుదులు ఇంటిపేరులో భాగమైపోయాయి. ఇప్పటివాళ్ల విషయంలో 'ప్రింట్స్' సొంత పేరు తర్వాతే రావాలి.

రెండో ప్రతితో పాటు వెట్టిన్ వంశవృక్షం వేరే కాగితం మీద గీసి పంపు. ముందు అదే చూస్తాను.