పాత ప్రభుత్వ కచేరీలను నిలబెట్టేది సున్నం తెలిసిన చేతులు

ప్రశ్న ఇది: "వందేళ్లు దాటిన ప్రభుత్వ భవనాలను కాపాడే పని అసలు ఎవరిది? ఆర్కిటెక్టులదా, ఇంజనీర్లదా, పురావస్తు శాఖదా?"

ముగ్గురికంటే ముందు సున్నం మేస్త్రీది. ఆయన తర్వాత, వానలకు ముందు మిద్దె ఎక్కి తూములు శుభ్రం చేసే అటెండరుది. ప్రభుత్వ ఇంజనీరింగు శాఖలో ముప్పై ఏళ్లు పనిచేసి రిటైరయ్యాను. ఈ మాట ఎవరు కాదన్నా ఒప్పుకోను.

తొంభైల చివర్లో కోస్తాలో ఒక ఊళ్లో ఏఈగా, అంటే అసిస్టెంట్ ఇంజనీరుగా ఉన్నాను. అక్కడ తెల్లదొరల కాలం నాటి ఆఫీసు ఒకటి ఉండేది. టేకు దూలాలు, వాటి మీద ఐమూలగా నిలబెట్టి పేర్చిన సన్న ఇటుకలు, ఆ పైన సున్నం కాంక్రీటు. మద్రాసు టెర్రస్ అంటారే, అదన్నమాట. దాని రికార్డు రూములో చినుకు పడితే చాలు, అడంగళ్ల కట్టల మీద నీళ్లు కారేవి. అంతకు ముందు ఎవరో మిద్దె మీద రెండు అంగుళాల సిమెంటు పోశారు. లోపలి గోడలకూ సిమెంటు పూతే, దాని మీద ఆయిల్ పెయింటు. అయినా కారడం ఆగలేదు సరికదా, గోడలు అరచేయంత పెచ్చులుగా ఊడిపోవడం మొదలైంది.

మళ్లీ సిమెంటే వేద్దామని ఎస్టిమేటు రాశాం. అది మంజూరయ్యేలోపు, గుళ్లకు సున్నం పనులు చేసే ఒక పెద్ద మేస్త్రీని ఎవరో తీసుకొచ్చారు. డెబ్బై దాటిన మనిషి. అందరం కప్పు వైపు చూస్తుంటే ఆయన చూపు గోడ మీదే ఉంది. అరచెయ్యి ఆనించాడు. గోటితో గీకి, రాలిన తెల్లపొడి నాలిక మీద వేసుకున్నాడు.

"ఉప్పు బాబూ. గోడకి చెమట పడతా ఉంటే గొంగళి కప్పేశారు. అది ఎటు పోద్ది?"

నేను చదివిన ఇంజనీరింగులో ఈ ముక్క ఎవరూ చెప్పలేదు. సున్నపు గోడ చెమ్మను పీల్చుకుంటుంది, ఎండకు వదిలేస్తుంది. పైన సిమెంటు కప్పితే ఆ చెమ్మకు దారి ఉండదు. లోపలి లవణాలు పూత వెనకాల చేరి గడ్డకట్టి, పూతను బయటికి తోస్తాయి. దూలాల కొసలు గోడలో ఎక్కడ కూర్చుంటాయో అక్కడ టేకు కూడా మెత్తబడిపోతుంది. పాత భవనాలు ముసలితనం వల్ల పడిపోతున్నాయని అంటుంటారు. నేను చూసినవాటిలో ఎక్కువ భాగం మన మరమ్మతుల వల్లే పాడయ్యాయి.

ఆఫీసు వెనక తుమ్మచెట్ల కింద గుండ్రటి రాతి కాలువ ఒకటి గడ్డిలో పూడిపోయి ఉండేది. సిబ్బంది అక్కడ సైకిళ్లు పెట్టుకునేవాళ్లు. మేస్త్రీ గడ్డి పీకించి, కాలువ అంచు మీద చెయ్యి రాసి, "ఇదేనయ్యా గానుగ. ఈ మేడ కట్టిన గానుగ" అన్నాడు. రాతి చక్రం నాలుగు గజాల అవతల చెట్టు మొదట్లో దొరికింది. ఎద్దుల జతను అద్దెకు తెచ్చాం. గుంటలో నానేసిన సున్నాన్ని ఇసుకతో, ఇటుక పొడితో కలిపి ఆ గానుగలోనే తిప్పించాం. మేస్త్రీ చిటికెడు తీసి బొటనవేలి గోరు మీద రుద్ది చూసేవాడు. పలుకు తగిలితే మళ్లీ తిప్పమనేవాడు.

కరక్కాయ, బెల్లం డ్రమ్ముల్లో పులుస్తుంటే ఆఫీసంతా వాసన. సిమెంటు పెళ్లగించాక కొత్త సున్నం కాంక్రీటు పరిచి, పన్నెండు మంది ఆడవాళ్లు రెండు వరసల్లో గొంతుకు కూర్చుని చెక్కలతో కొట్టడం మొదలుపెట్టారు. కొడతారు, ఆ పులిసిన నీళ్లు చల్లుతారు, మళ్లీ కొడతారు. మొదటిరోజు బురదలో కొట్టినట్టు దబ్బుదబ్బుమనేది. ఆరో రోజుకి చెక్క పైకెగరడం మొదలైంది, చప్పుడు కంగుమంది. కింద కూర్చున్న మేస్త్రీ బీడీ పారేసి, "ఇంక చాలు, దిగండమ్మా" అన్నాడు. మిద్దె ఎక్కి చూడనైనా లేదు. ఆ ఏడు తుపాను వచ్చింది. రికార్డు రూములో ఒక్క చుక్క పడలేదు.

బిల్లు దగ్గర మాత్రం నరకం చూశాం. రేట్ల పట్టికలో ఈ పనికి వరస లేదు. బెల్లం, కరక్కాయ ఎందుకు కొన్నారని ఆడిట్ అభ్యంతరం. ఆ మేస్త్రీకి డబ్బు ఎనిమిది నెలలకు అందింది. ఇప్పటికీ తలుచుకుంటే నాకు కడుపు మండుతుంది. తక్కువ రేటు వేసినవాడికే పని అనే పద్ధతి ఉన్నంతకాలం ఇలాంటి మనిషి టెండరు గడప తొక్కలేడు.

జాబితాలతో, చట్టాలతో భవనాలు నిలుస్తాయని నేను నమ్మను. హైదరాబాదులో ఎక్కడ ఏం కట్టొచ్చో చెప్పే 1981 నాటి జోనింగ్ నిబంధనల్లో పదమూడోది వారసత్వ కట్టడాలకు రక్షణగా ఉండేది, 2015లో దాన్ని తీసేశారు. 2017లో హెరిటేజ్ చట్టం వచ్చింది. అయినా ఎర్రం మంజిల్ అనే పాత ప్యాలెస్‌ను కూల్చి అసెంబ్లీ కడతామని ప్రభుత్వం అంటే, జనం కోర్టుకెక్కి 2019లో ఆ నిర్ణయాన్ని కొట్టేయించుకోవాల్సి వచ్చింది. ఇంజనీరింగు శాఖల ఆఫీసులు ఏళ్లకేళ్లు నడిచింది ఆ భవనంలోనే. మనం కూర్చున్న ఇంటిని మనమే బాగు చేసుకోలేదు, నాకు బాధ కలిగించేది అదే. కోర్టు తీర్పు కూల్చివేతను ఆపుతుంది. కప్పు మీద రావి మొక్కను పీకదు.

రావి అంటే గుర్తొచ్చింది. ఆ ఆఫీసులో ఒక అటెండరు ఏటా మృగశిర కార్తె రాకముందే మిద్దె ఎక్కేవాడు. తూముల్లో ఆకులు తీసి, పిట్టగోడలో మొలిచిన రావి మొక్కలు వేళ్లతో సహా లాగేసేవాడు. ఆయన రిటైరయ్యాక ఆ పోస్టు నింపలేదు. నాలుగేళ్ల క్రితం అటువైపు వెళ్లాను. కప్పు అంచు కార్నీసులో నా మణికట్టంత రావి. కొట్టేయమంటే పాపమని ఒకరు, మా పని కాదని ఇంకొకరు. పైకి నరికితే లాభం లేదు, వేరు గోడలోపలే ఉండి మళ్లీ చిగురిస్తుంది. వేరు చచ్చేలా చేసి, ఆ సందు సున్నంతో పూడ్చాలి. మొలకగా ఉన్నప్పుడైతే రెండు వేళ్లతో పోయేది.

మేస్త్రీ పోయి చాలా కాలమైంది. మనవడు హైదరాబాదులో టైల్స్ పని చేస్తాడు, మంచి పనివాడే, కానీ గానుగ చూడలేదు. ఆ రోజుల్లో పని కొలతలు రాసే నా మెజర్మెంట్ బుక్కు వెనక పేజీల్లో పాళ్లు, నానిన రోజులు, ఏ పూట ఎన్ని బిందెలు చల్లారో రాసుకున్నాను. అవి నా దగ్గర భద్రంగా ఉన్నాయి. మీ ఊళ్లో ఏ పాత ఆఫీసుకైనా సున్నం గుంట తవ్వుతుంటే ఇక్కడ రాయండి. నా ఖర్చులతో నేనే వస్తాను.