జపనీస్ రాకుండా జె-పాప్ కచేరీకి వెళ్తే ఎంజాయ్ చేయగలమా?

భాష రాకపోతే టికెట్ డబ్బు దండగేనా, యూట్యూబ్‌లో వినేదానికీ అక్కడ వినేదానికీ తేడా ఏమిటి అని అడిగారు. ఉద్యోగరీత్యా జపాన్‌లోని యొకొహామాలో ఉంటున్నాను, వీలు చిక్కినప్పుడల్లా కచేరీలకు వెళ్తుంటాను. నిక్షేపంగా వెళ్లండి. పాటలకు భాష అడ్డు రాదు. అడ్డొచ్చేది పాటల మధ్య వచ్చే కబుర్లే. వాటిని అక్కడ ఎంసీ అంటారు. హాలంతా పగలబడి నవ్వుతుంటే మనం పక్కవాళ్ల మొహాలు చూస్తూ కూర్చోవాలి.

అసలు తేడా ప్రేక్షకుల దగ్గరుంది. టోక్యోలోని బుడోకన్ హాలును 1964 ఒలింపిక్స్‌లో జూడో పోటీల కోసం కట్టారు. 1966లో బీటిల్స్ పాడినప్పటి నుంచి అక్కడి గాయకులకు ఆ వేదిక ఎక్కడం ఒక కల. దాదాపు 14,000 మంది పడతారు. నేను వెళ్లిన రోజు ఒక నెమ్మది పాటలో గాయని ఊపిరి పీల్చుకోవడం కూడా మైకులో వినబడింది. ఎవరూ గొంతు కలపలేదు, ఫోన్ పైకెత్తలేదు. చివరి స్వరం పూర్తిగా ఆగాకే చప్పట్లు. తర్వాతి పాట హుషారైనది. అదే జనం సరిగ్గా తాళం మీద ఒక్క గొంతుతో కేకలు అందుకున్నారు. ఎక్కడ అరవాలో, ఎక్కడ ఊరుకోవాలో అందరికీ తెలుసు. రికార్డులో పాట మధ్య ఖాళీలు ఎందుకు వదులుతారో నాకు అక్కడే అర్థమైంది.

చివర్లో పైనుంచి వెండి రంగు రిబ్బన్లు రాలాయి. మా వరుస దాకా రాలేదు. ముందు సీట్లో ఉన్నావిడ తనకు దొరికిన వాటిలో ఒకటి నా చేతిలో పెట్టి, దాని మీద అచ్చేసిన గాయని సంతకం వేలితో చూపించింది. మా ఇద్దరి మధ్యా ఒక్క మాట నడవలేదు.

ఇంటి దగ్గరే మొదలుపెట్టాలంటే ఫుజీ కజే అనే గాయకుడు 2021 సెప్టెంబరులో యొకొహామాలోని నిస్సాన్ స్టేడియంలో చేసిన లైవ్ చూడండి. డెబ్బై వేల మంది పట్టే మైదానం, ఒక్క ప్రేక్షకుడూ లేడు. పచ్చిక మధ్యలో పియానో, వాన, అతనొక్కడే. యూట్యూబ్‌లో ఉచితంగా ప్రసారం చేశారు. అతని మొదటి రెండు ఆల్బమ్‌ల పేర్లు 'హెల్ప్ ఎవర్ హర్ట్ నెవర్', 'లవ్ ఆల్ సర్వ్ ఆల్'. పుట్టపర్తి వైపు వాళ్లకు ఈ మాటలు ఎక్కడివో చెప్పక్కర్లేదు. సత్యసాయి బాబా సూక్తులు జపాన్ పాప్ ఆల్బమ్ అట్టల మీద కనబడితే నాకు ఒళ్లు పులకరించింది.

ఇక టికెట్ల సంగతి. పేరున్నవాళ్ల కచేరీలకు ముందు వచ్చిన వారికి ముందు అనే పద్ధతి తక్కువ, చాలావరకు లాటరీయే. ఫ్యాన్ క్లబ్ సభ్యులకు మొదటి అవకాశం. పేరు తగిలితే చాలాసార్లు కన్వీనియన్స్ స్టోర్‌లో కూడా డబ్బు కట్టొచ్చు. గడువు దాటితే టికెట్ పోయినట్టే. చాలా సైట్లు జపాన్ ఫోన్ నంబరు అడుగుతాయి కాబట్టి అక్కడ తెలిసినవాళ్లుంటే ముందే మాట్లాడుకోండి. బ్లాకులో మాత్రం కొనకండి. ఎక్కువ ధరకు మళ్లీ అమ్మడాన్ని నిషేధిస్తూ 2019 జూన్‌లో చట్టం అమల్లోకి వచ్చింది. టికెట్ మీద పేరుంటే గేటు దగ్గర గుర్తింపు కార్డు అడగొచ్చు.

లాటరీ తగలకపోతే లైవ్ హౌస్‌లకు, అంటే కచేరీలు జరిగే చిన్న హాళ్లకు వెళ్లండి. టికెట్ కాక డ్రింక్ కోసం సుమారు 600 యెన్‌లు గుమ్మం దగ్గరే తీసుకుంటారు, చిల్లర దగ్గర ఉంచుకోండి.