సైన్స్ ఫెయిర్‌కు పిల్లల్ని తయారుచేసే టీచర్ కావాలంటే

ప్రశ్న: మాది పరకాల దగ్గర పల్లె. హనుమకొండలో బీఎస్సీ బీజెడ్‌సీ (బోటనీ, జువాలజీ, కెమిస్ట్రీ) ఆఖరి సంవత్సరం చదువుతున్నాను. ఎనిమిదో తరగతిలో మా సైన్స్ మేడం నన్ను జిల్లా సైన్స్ ఫెయిర్‌కు తీసుకెళ్లారు. నేనూ ఆమెలాగే పిల్లలతో ప్రాజెక్టులు చేయించాలని ఉంది. నాన్న మాత్రం టీచర్ పోస్టులు ఎప్పుడు పడతాయో తెలియదు, ఎమ్మెస్సీ చేయమంటున్నారు. ఏం చేయను?

జవాబు: మీ నాన్నగారి టెన్షన్‌లో న్యాయం ఉంది. 2017 నోటిఫికేషన్ తర్వాత సర్కారు టీచర్ పోస్టులకు పెట్టే డీఎస్సీ పరీక్ష మళ్లీ జరిగింది 2024లోనే. ఆసారి 11,062 పోస్టులు పడ్డాయి కానీ, మధ్యలో ఎదురుచూసినవాళ్లకు వయసు గడిచిపోయింది. అందుకే సర్కారు బడి ఒక్కటే దారి అనుకోవద్దు. బీఎడ్ చేసి, ఎమ్మెస్సీ కూడా పూర్తిచేస్తే గురుకులాల్లో పీజీటీ (పోస్ట్ గ్రాడ్యుయేట్ టీచర్) పోస్టుకు కూడా అర్హత వస్తుంది. అంటే మీ మాట, నాన్నగారి మాట రెండూ నిలుస్తాయి.

బీజెడ్‌సీ వాళ్లకు స్కూల్ అసిస్టెంట్ బయలాజికల్ సైన్స్ పోస్టు. దానికి టీచర్ అర్హత పరీక్ష టెట్‌లో పేపర్-2 కావాలి. 150 మార్కుల్లో గణితం, సైన్స్ కలిపి 60. బయాలజీ పిల్లలు ఇంటర్‌లోనే లెక్కలు వదిలేసి ఉంటారు కాబట్టి దెబ్బ తినేది అక్కడే. ఆరు నుంచి పదో తరగతి లెక్కల పుస్తకాలు ఇప్పుడే తీయండి. డీఎస్సీ ర్యాంకులో టెట్‌కు 20 శాతం వెయిటేజీ ఉంది, గట్టెక్కితే చాలనుకోకండి.

ఇక అసలు సంగతి. పిల్లలతో ప్రాజెక్టులు చేయించే గైడ్ టీచర్ అనేది వేరే పోస్టు కాదు, అదనపు జీతమూ లేదు. బడిపిల్లల కొత్త ఆలోచనలకు కేంద్రం ఇచ్చే ఇన్‌స్పైర్ మనక్ అవార్డుకు పిల్లల ఆలోచనలు రాయించడం, ఆన్‌లైన్‌లో ఎక్కించడం, ఎంపికైతే వచ్చే 10,000 రూపాయలకు ఆ పిల్లవాడి పేరున బ్యాంకు ఖాతా తెరిపించడం, ఇవన్నీ సిలబస్ మధ్యలోనే చేయాలి. మీ మేడం ఇవన్నీ మీకు తెలియకుండానే చేసి ఉంటారు.

ప్రదర్శనల్లో నేను చాలా స్టాళ్ల ముందు నిలబడ్డాను. థర్మాకోల్ నమూనా మెరిసిపోతుంటుంది. మధ్యలో ఆపి ఒక ప్రశ్న అడిగితే పాప మళ్లీ మొదటి వాక్యం నుంచి అప్పజెబుతుంది. చూస్తే కడుపు తరుక్కుపోతుంది, ఎందుకంటే తప్పు ఆ పాపది కాదు. ప్రాజెక్టులోని ప్రశ్న పెద్దవాళ్లది, తయారీ పెద్దవాళ్లది.

పిల్లల సొంత ప్రశ్న ఎలా ఉంటుందో మీ ఊళ్లోనే చూడండి. పత్తి కొనే ప్రభుత్వ సంస్థ సీసీఐ కేంద్రంలో పత్తికి తేమ 8 శాతం దాటితే ధర తగ్గుతుంది, 12 దాటితే కొనరు. ఏ ఏడో తరగతి పిల్లవాడినైనా అడగండి, వాళ్ల నాన్న బండి వెనక్కి వచ్చిన రోజు చెబుతాడు. పొద్దున్నే మంచులో ఏరిన పత్తికీ, మధ్యాహ్నం ఏరిన పత్తికీ తేమలో తేడా ఎంత? ఒకే చేను, ఒకే రోజు, చెరో వంద గ్రాములు. కిరాణా కొట్టు డిజిటల్ కాంటా మీద తూచి, బరువు ఇక తగ్గనంతవరకు ఎండబెట్టి మళ్లీ తూచాలి. మూడు సార్లు చేస్తే మూడు అంకెలు వస్తాయి. ఒకటి తేడాగా వస్తే పిల్లవాడు దాన్ని కొట్టేసి 'సరిచేస్తాను' అంటాడు. అప్పుడు అతని చేయి ఆపి, ఎందుకలా వచ్చిందో వెతికించాలి. ఎండలో తేమంతా పోదు, కాబట్టి మార్కెట్ మీటర్ చూపే అంకె వేరుగా ఉంటుంది. ఆ తేడాను కూడా వాడినే పట్టుకోనివ్వాలి. నా దృష్టిలో గైడ్ టీచర్ పని ఇదే. మీకు చెప్పాలని నోటిదాకా వచ్చిన జవాబును ఆపుకోవడం దానిలో అన్నిటికంటే కష్టం.

మీకు ఆ ఓపిక ఉందో లేదో బీఎడ్ ప్రవేశ పరీక్ష ఎడ్‌సెట్ రాయకముందే తేల్చుకోవచ్చు. మీ మేడంను కలవండి. ప్రధానోపాధ్యాయుల అనుమతితో వారానికి రెండు సాయంత్రాలు, ముగ్గురు పిల్లలు, ఒక్క ప్రాజెక్టు. రెండు నెలల తర్వాత కూడా ఆ సాయంత్రాల కోసం ఎదురుచూస్తుంటే బీఎడ్‌లో చేరండి. విసుగొస్తే ఎమ్మెస్సీ దారి ఎలాగూ ఉంది, దానికి చిన్నబోనక్కర్లేదు. దసరా తర్వాత మీ దగ్గర పత్తి ఏరడం మొదలవుతుంది కదా, అప్పుడే మొదలుపెట్టండి.