ఉత్తరాయణం ఏ రోజు మొదలవుతుంది? అరసవల్లిలో మార్చిలో మారేదేమిటి?

సందేహం:

మాస్టారికి నమస్కారం. శ్రీకాకుళం దగ్గర హైస్కూల్లో సాంఘికశాస్త్రం చెబుతున్నాను. ఏటా మార్చిలో, అక్టోబరులో అరసవల్లి సూర్యనారాయణస్వామి పాదాల మీద సూర్యకిరణాలు పడగానే, “సూర్యుడు దక్షిణాయనం నుంచి ఉత్తరాయణానికి మారే వేళ ఈ అద్భుతం” అని పేపర్లో వస్తుంది. మా పాఠంలో సూర్యుడు ఉత్తరానికి మళ్లేది డిసెంబరు 22న. ఇంట్లో పంచాంగం తీస్తే సంక్రాంతికి. ఒక పిల్లాడు లేచి “టీచర్, మూడింట్లో ఏది రైటు?” అన్నాడు. ఇంకా చిన్న సందేహాలు: దక్షిణాయనమా, దక్షిణాయణమా? కర్కటరేఖ, మకరరేఖలకి ఉమ్మడి పేరు అయనరేఖా, ఆయనరేఖా? తిరిగేది భూమి అని చెబుతూ “సూర్యుడు జరుగుతాడు” అనవచ్చా? మిట్టమధ్యాహ్నం సూర్యుడు నడినెత్తిన ఉంటాడన్న మాట మన జిల్లాలో నిజమేనా?

సమాధానం:

అమ్మా, ముందు పేపరు సంగతి తేల్చేద్దాం. మీ పిల్లాడు అడిగిన మూడింట్లో ఏ లెక్కన చూసినా నిలవనిది అదొక్కటే. మిగతా రెండూ వాటి వాటి చోట సరైనవే.

అయనం అంటే నడక, వెళ్లడం. రామాయణంలో ఉన్నదీ ఈ మాటే. ఉత్తరాయణం అంటే సూర్యుడు ఉత్తర దిక్కున ఉండడం కాదు, ఉత్తరం వైపు నడవడం. ఈ తేడా పట్టించుకోకపోవడం వల్లనే సగం గందరగోళం. జనవరిలో సూర్యుడు ఎక్కడో దక్షిణాన ఉంటాడు, అయినా అది ఉత్తరాయణమే, ఎందుకంటే ముఖం ఇటు తిప్పేశాడు. సెప్టెంబరు మొదట్లో ఇంకా భూమధ్యరేఖకు ఉత్తరానే ఉంటాడు, అయినా అది దక్షిణాయనమే. కాబట్టి “మారడం” అంటే ముఖం తిప్పడం. అది ఏడాదికి రెండేసార్లు జరుగుతుంది, డిసెంబరు 21-22కీ, జూన్ 21కీ. పంచాంగం లెక్కన అయితే జనవరి 14-15కీ, జూలై 16-17కీ. మార్చి, అక్టోబరు ఈ రెండు జాబితాల్లోనూ లేవు.

మరి అరసవల్లిలో జరిగేదేమిటి? మీకు తెలియని గుడి కాదు, కానీ ఈసారి తేదీలు పెట్టుకుని చూడండి. మార్చి 9, 10, అక్టోబరు 1, 2 తేదీల చుట్టుపక్కల, పొద్దు పొడిచిన కాసేపటికి, కిరణాలు అనివెట్టి మండపం మీదుగా ధ్వజస్తంభాన్ని దాటుకుని గర్భగుడిలోకి వెళ్లి మూలవిరాట్టు పాదాలను తాకుతాయి. కొద్ది నిమిషాలే. మబ్బు పట్టిందా, తెల్లవారుజాము నుంచి వరసలో నిలబడ్డవాళ్లంతా ఉసూరుమంటారు. ఇప్పుడు క్యాలెండరు తీసి విషువత్తులు చూడండి, అంటే పగలూ రాత్రీ సమానమయ్యే రోజులు. మార్చి 20-21, సెప్టెంబరు 22-23. మొదటిది విషువత్తుకి దాదాపు పది రోజులు ముందు, రెండోది దాదాపు పది రోజుల తరవాత. ఈ రెండు సమయాల్లోనూ సూర్యుడు భూమధ్యరేఖకు దక్షిణంగా సుమారు 4 డిగ్రీల్లో ఉంటాడు. ఒకే చోటు. మార్చిలో ఆ చోటును ఉత్తరానికి వస్తూ దాటతాడు, అక్టోబరులో దక్షిణానికి పోతూ దాటతాడు. డిసెంబరు 22 నుంచి లెక్కపెడితే రెండూ ఇంచుమించు ఎనభై రోజుల దూరంలో, ఒకటి వెనక, ఒకటి ముందు. గుడి వాకిలి ఆ చోటుకి ఎదురుగా ఉంది.

ఆ సంబరం రెండు మూడు రోజులే ఎందుకు అన్నది కూడా ఇందులోనే ఉంది. ఉయ్యాల చివర్లలో ఆగినట్టు ఆగి, మధ్యలో జోరుగా పోతుంది కదా, సూర్యుడి అయనమూ అంతే. డిసెంబరు మూడో వారంలో కళింగపట్నం ఒడ్డున వరసగా వారం రోజులు చూడండి, పొద్దు పొడిచే చోటు కదిలినట్టే కనిపించదు. అదే మార్చిలో అయితే రోజుకి తన వెడల్పులో ముప్పాతిక వంతు దాకా పక్కకి జరిగిపోతాడు. ఇవాళ పాదాల మీద పడ్డ వెలుగు నాలుగు రోజుల తరవాత గోడకి పోతుంది. వాకిలిని డిసెంబరు పొద్దుకి ఎదురుగా పెట్టి ఉంటే ఈ వేడుక వారాల తరబడి సాగేది, అద్భుతం అని ఎవరూ అనేవాళ్లు కారు!

అందుచేత పేపరువాళ్లు రాయవలసిన వాక్యం “ఉత్తరాయణంలో ఒకసారి, దక్షిణాయనంలో ఒకసారి సూర్యకిరణాలు స్వామి పాదాలను తాకుతాయి” అని. “మారే వేళ” అన్న ముక్క తీసేస్తే చాలు. మార్పు అనే మాట కావాలనుకుంటే “విషువత్తుకు అటూ ఇటూగా” అనవచ్చు, అదీ నిజమే.

ఇక డిసెంబరు 22కీ, సంక్రాంతికీ ఉన్న పేచీ. ఇది తప్పుల గొడవ కాదు, రెండు లెక్కల గొడవ. సంక్రాంతి అంటే దాటడం, ఒక రాశిలోంచి ఇంకో రాశిలోకి. ఏడాదికి పన్నెండు సంక్రాంతులు, మనం పండగ చేసుకునేది మకరానికి. రాశులంటే నక్షత్రాల గుర్తులు. సుమారు 1,700 ఏళ్ల కిందట సూర్యుడు ఉత్తరానికి మళ్లే రోజూ, మకరరాశిలో అడుగుపెట్టే రోజూ ఒకటే. అప్పటి మాట “మకర సంక్రాంతే ఉత్తరాయణం” అక్షరాలా నిజం. కానీ భూమి అక్షం ఒక్క దిక్కునే చూస్తూ ఉండదు, సుమారు 26,000 ఏళ్లకి ఒక చుట్టు చొప్పున మెల్లగా దిక్కు మార్చుకుంటుంది. దాని వల్ల ఋతువులకీ, నక్షత్రాలకీ మధ్య 71, 72 ఏళ్లకి ఒక రోజు చొప్పున ఎడం పెరుగుతూ వచ్చి ఇప్పటికి ఇరవై నాలుగు రోజులైంది. ఈమధ్య కొన్నేళ్లు సంక్రాంతి జనవరి 15న రావడానికి కారణాల్లో ఇదొకటి. ఈ ఎడం లెక్కలోకి తీసుకుంటే సాయనం, తీసుకోకుండా నక్షత్రాలనే పట్టుకుంటే నిరయణం. మన పండగల పంచాంగం నిరయణం.

ఒక తమాషా చూపిస్తాను, క్లాసులో పనికొస్తుంది. డిసెంబరు 22న సూర్యుడు ఏ రేఖ మీద ఉంటాడు? మకరరేఖ మీద. అదే రోజు పంచాంగంలో ఏ రాశి? ధనుస్సు. నెలగంట పట్టి వారం కూడా కాదు, ఊళ్లో ధనుర్మాసం భజనలు సాగుతుంటాయి! మకరరేఖ, కర్కటరేఖ అన్న పేర్లు ఆ పాత రోజుల్లో సూర్యుడు మళ్లేచోట ఉన్న రాశుల పేర్లే. రాశి జరిగిపోయింది, పేరు రేఖకి అంటుకుని ఉండిపోయింది.

రైతుల కార్తెలూ ఈ నిరయణం మీద నడిచేవే. సూర్యుడు ఒక్కో నక్షత్రంలో ఉండే పదమూడు, పద్నాలుగు రోజులూ ఒక్కో కార్తె. రోహిణి ఎండలకు రోళ్లు పగులుతాయన్న సామెత మే ఆఖరికి ఇప్పటికీ సరిపోతోంది. ఇప్పుడు సూర్యుడు నిజంగా దక్షిణానికి మళ్లేది ఆరుద్ర కార్తె పట్టే ముంగిట, జూన్ 21న. పంచాంగం మాత్రం దక్షిణాయనానికి జూలై మధ్య దాకా ఆగుతుంది.

ఈ ఎడం సర్కారుకి తెలియక కాదు. భౌతికశాస్త్రజ్ఞుడు మేఘనాద్ సాహా అధ్యక్షుడుగా 1952లో పంచాంగ సంస్కరణ సంఘం వేశారు. దాని సిఫారసుతో ఋతువులకి ముడిపెట్టిన జాతీయ పంచాంగం 1957 మార్చి 22న అమల్లోకి వచ్చింది. అందులో చైత్రం ఒకటో తేదీ మార్చి 22, లీపు సంవత్సరమైతే 21. గెజిట్‌లో శక సంవత్సరం తేదీ వేస్తారే, అదే. దాన్ని చూసి పండగ చేసుకునేవాళ్లు నాకు ఇంతవరకూ తారసపడలేదు. చేసుకోనక్కర్లేదు కూడా. పండగ జనం సొత్తు, జనం చేసుకున్న రోజే పండగ. “ఉత్తరాయణ పుణ్యకాలం” అని సంక్రాంతి నాడు అనడంలో భాషాదోషం ఏమీ లేదు. పాఠంలో మాత్రం “సూర్యుడు ఉత్తరానికి మళ్లేది డిసెంబరు 22 ప్రాంతంలో, పంచాంగం ప్రకారం ఉత్తరాయణం సంక్రాంతికి” అని రెండూ విడివిడిగా చెప్పండి. పిల్లలకి అర్థమవుతుంది, వాళ్ల గురించి టెన్షన్ పడకండి.

“సూర్యుడు జరుగుతాడు” అనవచ్చు. సూర్యోదయం అనే మాటని ఏ ఖగోళశాస్త్రజ్ఞుడూ మానలేదు. కనిపించేది చెప్పడానికి ఆ మాట, కారణం చెప్పేటప్పుడు భూమి మాట. తన చుట్టూ తాను తిరిగితే భ్రమణం, సూర్యుడి చుట్టూ తిరిగితే పరిభ్రమణం, ఆ తిరుగుడులో అక్షం 23½ డిగ్రీలు వాలి ఉండడం వల్ల అయనాలూ, ఋతువులూ. నేను వద్దనేది “ఎండాకాలంలో సూర్యుడు దగ్గరికొస్తాడు” అన్న మాట. దగ్గరగా ఉండేది జనవరి మొదటి వారంలో, సుమారు 14.7 కోట్ల కిలోమీటర్లలో, మనం కంబళి కప్పుకునే రోజుల్లో. జూలైలో దూరం 15.2 కోట్లు.

ణ, న సంగతికి వస్తే: ఉత్తరాయణంలో ణ, దక్షిణాయనంలో న. సంస్కృతంలో ర, ష లాంటి అక్షరం ముందుంటే తరవాతి న, ణ అవుతుంది, మధ్యలో అడ్డుపడే హల్లు లేకపోతే. ఉత్తరలో రేఫ, అంటే ర, ఉంది, మధ్యలో ఉన్న య అడ్డుపడదు, అయన కాస్తా అయణ అయింది. రామాయణం, నారాయణుడు, నిరయణం ఇలాంటివే. దక్షిణలో ష ఉంది కానీ, దాని ప్రభావం పక్కనున్న ణ తోనే సరి. ఆ ణ అడ్డు నిలిచి అయనను ముట్టుకోనివ్వదు. కాబట్టి దక్షిణాయణం తప్పు. ఉత్తరాయనం కూడా తప్పే, కాకపోతే తక్కువమంది రాస్తారు.

అయనరేఖ సరైనది. ఉత్తర, అయన కలిసినప్పుడు సవర్ణదీర్ఘసంధి వల్ల దీర్ఘం వచ్చింది. విడదీసేటప్పుడు ఆ దీర్ఘాన్ని వెంట తెచ్చుకోకూడదు. “ఆయనరేఖ” అని పాఠాల్లో కూడా అచ్చవుతోంది. ఎవరమ్మా ఆయన?

చివరిది నడినెత్తి సూర్యుడు. శ్రీకాకుళం సుమారు 18.3 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. సూర్యుడు ఇక్కడ సరిగ్గా నడినెత్తికి వచ్చేది ఏడాదికి రెండుసార్లే, ఉత్తరానికి పోతూ మే 13 ప్రాంతంలో, తిరిగి వస్తూ జూలై 31 ప్రాంతంలో. విజయనగరంలో దాదాపు ఒక రోజు అటూ ఇటూ. ఈ రెండింటి మధ్య మిట్టమధ్యాహ్నం సూర్యుడు మనకి ఉత్తరంగా ఉంటాడు, నీడ దక్షిణానికి పడుతుంది. మిగతా ఏడాదంతా నీడ ఉత్తరానికే. ఢిల్లీ వాళ్లకి నడినెత్తి సూర్యుడు ఎప్పటికీ లేడు, వాళ్లు కర్కటరేఖకి అవతల ఉన్నారు.

మేలో మీకు సెలవులు. ఆ రోజుల్లో శ్రీకాకుళంలో గడియారం పన్నెండు కొట్టడానికి తొమ్మిది నిమిషాల ముందే సూర్యుడికి మధ్యాహ్నమైపోతుంది, ఎందుకంటే మన గడియారాలు 82½ డిగ్రీల రేఖాంశానివి, మీరు దానికి తూర్పున ఉన్నారు. జూలై ఆఖరున రెండు మధ్యాహ్నాలూ దాదాపు పన్నెండుకే కలుస్తాయి, బడీ ఉంటుంది. మధ్యాహ్న భోజనం గంటకి ముందు పిల్లల్ని బయటికి తీసుకెళ్లి, ఒక నిట్టనిలువు కర్ర నాటి చూపించండి. వానాకాలం కాబట్టి ముందూ వెనకా రెండేసి రోజులు కూడా చూసుకోండి, మబ్బు తెరిపిచ్చిన రోజు నీడ కర్ర మొదట్లోనే ముద్దలా ఉంటుంది.