సిల్లా పురుగు ఏ మొక్కదో తేల్చడం

గుంటూరు

అమ్మాయ్, ఆశీస్సులు.

నువ్వు సీసాలో పంపింది సిల్లానే, అదే మొక్కల రసం పీల్చే బుల్లి పురుగు. చీటీ మీద "మొక్క: గోంగూర" అని రాశావే, అది మాత్రం కొట్టెయ్. రెక్కలొచ్చిన సిల్లా గాలివాటున ఎక్కడైనా వాలుతుంది. పిల్లలు ఏ మొక్క రసం పీల్చి ఐదు దశలూ దాటతాయో అదే దాని మొక్క. కాబట్టి ముందు గుడ్లూ పిల్లలూ వెతుకు.

పెరట్లో నిమ్మ, కరివేపాకుతో మొదలుపెట్టు. రెండింటి మీదా ఉండే సిల్లా జాతి డయాఫోరినా సిట్రి. విచ్చుకోని చిగురు మడత విప్పి పదింతల భూతద్దంతో చూడు. బాదం గింజ ఆకారంలో, పసుపు నారింజ కలిసిన రంగులో గుడ్లు కనబడతాయి. పక్కనే చదునుగా పసుపు పిల్లలు, వాటి వెనక తెల్లటి మైనపు పోగులు. ముదురు ఆకుల్లో వెతికితే పొద్దు వృథా. పెద్ద పురుగు 3-4 మిల్లీమీటర్లే, కానీ తల ఆకుకి ఆనించి, వెనక భాగం పైకెత్తి 45 డిగ్రీల వాలున కూర్చుంటుంది. ఆ తీరు ఒకసారి కంటపడితే మళ్లీ పొరబడవు. నిమ్మకి ఆకులు పసుపెక్కి చెట్టు క్షీణించే గ్రీనింగ్ తెగులు మోసేది ఇదే, పురుగున్న కొమ్మలు పట్టుకుని తోటల్లో తిరక్కు.

సిల్లాని పోలిన వేరే పురుగులతో పొరబడకు. పేనుబంకకి వెనక రెండు గొట్టాలుంటాయి, సిల్లాకి ఉండవు. తెల్లదోమ రెక్కల మీద తెల్ల పొడి ఉంటుంది. పచ్చదోమ మీసం పొట్టి వెంట్రుకలా ఉంటుంది. సిల్లాది పొడుగు, 10 కణుపులు.

నందిగామ వైపు వెళ్తే సుబాబుల్ చిగుళ్లు దులుపు, హెటెరోప్సిల్లా క్యుబానా అనే ఇంకో సిల్లా రాలుతుంది. నేరేడు, ఏడాకుల పాల ఆకుల మీద బుడిపెలు కూడా వేరే సిల్లాల పనే. వాటిని కోసి లోపల పిల్ల ఉందో లేదో చూడు. పెద్దవి కావాలంటే కొమ్మను నీళ్ల సీసాలో గుచ్చి పైన పల్చటి గుడ్డ కట్టు. ప్లాస్టిక్ మూత పెడితే చెమ్మకి బూజు పడుతుంది. బుడిపెలోంచి చిన్న కందిరీగ వస్తే కంగారుపడకు, అది సిల్లాని తిన్న పరాన్నజీవి.

పురుగుల్ని పట్టడానికి చెట్టు కింద తెల్లగుడ్డ పరిచి కొమ్మ తడితే చాలు. జిగురు అట్టలు వద్దు, రెక్కలు చెడతాయి. 70 శాతం ఆల్కహాల్లో కనీసం పదేసి వెయ్యి. జాతి తేలేది మగవాటి పొట్ట కొస భాగంతో; మగదానికి కొస పైకి తిరిగి ఉంటుంది, ఆడదానికి ముక్కులా మొనదేలి ఉంటుంది. చీటీ పెన్సిల్‌తో రాసి సీసా లోపలే వెయ్యి, పెన్ను సిరా ఆల్కహాల్లో కరిగిపోతుంది. అదే చెట్టు కొమ్మ, పువ్వో కాయో ఉన్నది, పేపర్ మడతలో నొక్కి జతచెయ్. మొక్క పేరు తప్పితే పురుగు పేరూ తప్పుతుంది.

గోంగూర చుట్టుపక్కల నిమ్మ చెట్టుందేమో చూసి రాయి.

మీ పెదనాన్న